గిలకమ్మ భయం

గిలకమ్మ మేస్త్రీకి మొట్టమొదట చెప్పిన మాటే అబద్ధం.

పనిలో చేరడానికి ఎవరొచ్చినా మేస్త్రీ ఊరూ పేరూ అడగడు. ఇంతకుముందు ఎక్కడ చేశావు, ఎవరు పంపారు అనీ అడగడు. ఎదురుగా ఏ ఇటుకల కుప్పమీదో కూర్చోబెట్టి, కళ్ళలోకి చూస్తూ, "ఎట్లాంటి చావంటే నీకు బాగా భయం?" అంటాడు. వచ్చినవాడు బిత్తరపోతాడు. కొందరు పళ్ళికిలిస్తారు. "చావంటే నాకు లెక్కలేదు" అని ఛాతీ విరుచుకున్నవాణ్ణి మాత్రం ఆ పూటే వెనక్కి పంపేస్తాడు. అలాంటివాడు తను చస్తే చచ్చాడు, నలుగురినీ వెంట తీసుకుపోతాడని ఆయన నమ్మకం.

పాత కట్టడాలు పడగొట్టే ముఠా అది. పై కప్పు నుంచి మొదలుపెట్టి పునాది దాకా గోడ గోడనీ విరగ్గొట్టుకుంటూ దిగుతారు. అక్కడ మనిషిని చంపలేనిదంటూ ఏదీ ఉండదు. స్లాబు చంపుతుంది, ఇనుప దూలం చంపుతుంది, గ్యాసు చంపుతుంది, ఏళ్ళ తరబడి మూసున్న నేలమాళిగలో గాలి కూడా చంపుతుంది. ఇన్ని చావుల మధ్య మేస్త్రీ పట్టుకున్న పద్ధతి ఒక్కటే. ఎవడు దేనికి భయపడితే వాణ్ణి దాని దగ్గర పెట్టడు. భయం పట్టిన చెయ్యి వణుకుతుంది. వణికే చెయ్యి ముందు పక్కవాడి ప్రాణం తీసి, ఆ తర్వాతే తన ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది.

అందుకే, కాలి చావడమంటే గుండె జారిపోయే, ముఠాకంతటికీ పిన్ని అయిన మనిషిని గ్యాసు సిలిండర్ల ఛాయలకు రానివ్వడు. పిన్ని తట్టలు మోస్తుంది, ఇటుకలు గీకుతుంది. గున్న అని అందరూ పిలిచే ఆ కొండంత మనిషి, మట్టి కింద కూరుకుపోయి ఊపిరాడక చావడం తలుచుకుంటే పసివాడైపోతాడు. వాణ్ణి నేలమాళిగలోకి దించడు, ఎండలో నిలబెట్టి సమ్మెట ఇస్తాడు. ఇక వాగుడుకాయ. వాడు చేరిన రోజు బాగా ఆలోచించి, "మెడమీద ఏదన్నా పడి, నేను చావకుండా నోరొక్కటే పడిపోతే?" అన్నాడు. "అది నీకు చావు, మాకు బతుకు" అంది పిన్ని.

గిలకమ్మ మొగుడు గ్యాసు కట్టరు. గ్యాసు మంటతో ఇనుమును వెన్నలా కోస్తాడు, అందరూ కట్టరు అనే పిలుస్తారు. "పైనుంచి కింద పడటం" అన్నాడు మేస్త్రీ అడగ్గానే, ఒక్క క్షణం కూడా తడుముకోకుండా. అందుకని అతనికి నేలమీదికి పడ్డ ఇనుమును ముక్కలు చేసే పని దొరికింది.

ఆ తర్వాత మేస్త్రీ ఆమె వైపు తిరిగాడు. "నీకమ్మాయ్?"

మొగుడు పక్కనే నిలబడి ఉన్నాడు. అతని చెయ్యి ఆమె భుజం మీద, బొటనవేలు మెడ గుంటలో ఉంది.

"నీళ్ళు" అంది. "నీళ్ళలో మునిగి..."

నిజానికి ఆమెకు చేపలా ఈతొచ్చు. ఆమెకు తెలిసిన చావు వేరు. దాని వాసన కూడా తెలుసు. తలుపు వెనక, గోడకూ బీరువాకూ మధ్య సందులో, వెన్ను గోడకు నొక్కుకుని, కాళ్ళు నేలకు అందకుండా. మొదట్లో చెంపదెబ్బ, తర్వాత బెల్టు, తర్వాత పచ్చిగా పిడికిలి. ఇప్పుడు అవన్నీ దాటిపోయి మెడ దగ్గరికొచ్చాడు. నొక్కుతాడు, కళ్ళు బైర్లు కమ్మేదాకా ఉంచుతాడు, వదులుతాడు. కిందికి జారిపోతుంటే మళ్ళీ పైకి లేపి నిలబెడతాడు. ఒకసారి ఆమె చెవి వెనక బీరువా అంచు దిగి రెండు వేళ్ళ పొడుగున చీరుకుంది. "మెట్ల మీద జారింది" అన్నాడు మర్నాడు అందరితో, తనే కట్టు సరిచేస్తూ. ఏదో ఒక రోజు ఆ చెయ్యి వదలాల్సినప్పుడు వదలదు. అప్పుడు కూడా "మెట్ల మీద జారింది" అనే అంటాడు. ఆమె భయం అంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. ఆ మాట నలుగురి ముందు ఎలా చెప్పడం? అందులోనూ భుజం మీద అతని చెయ్యి ఉండగా.

నీళ్ళని చెప్పింది కాబట్టి తొట్లూ గుంతలూ తప్పించి మేస్త్రీ ఆమెను బరువులెత్తి దించే వించి దగ్గర పెట్టాడు. పైన గిలక, కింద చేత్తో తిప్పే ఉక్కు చక్రం, మధ్యలో ఇనపతాడు. మగవాళ్ళు ఆ పిడిని గుంజుతారు, ఆమె తిప్పుతుంది. గుడ్డు దించమన్నా పగలకుండా దించుతుంది. గిలకమ్మ అన్న పేరు అలా అతుక్కుంది.

అప్పుడు వాళ్ళు పడగొడుతున్నది ఒక పాత పిండిమిల్లు. కప్పు పోయింది, అంతస్తులన్నీ పోయాయి. నాలుగు గోడలు నిట్టనిలువుగా నిలబడి ఉన్నాయి. ఆ గోడల మధ్య పైపైన ఇనుప దూలాలు, విరిగిన రొమ్ములో పక్కటెముకల్లా. ఒక మనిషి పలక మీద కూర్చుని, ఇనపతాడుకు వేలాడుతూ వాటిని కోసి కిందికి వదలాలి. ఆ పని చేసేవాణ్ణి పిల్లి అనేవాళ్ళు. గోడ అంచున నిద్రపోగలడు.

ఆ పిల్లే దెబ్బతిన్నాడు. ఒక వైపు కోసిన దూలం రెండో వైపు ఊడకుండా, గోడలో ఇరుక్కుని గిర్రున తిరిగింది. తిరిగి వచ్చి వాడి తొడను గోడకేసి కొట్టింది. గోటి కింద పేనును నొక్కినట్టు నొక్కింది. వాడి అరుపు గోడల మధ్య నాలుగు అరుపులై తిరిగింది. గిలకమ్మ పలకను అరచేతి మందం కూడా కదపలేదు. కదిపితే కాలు ఊడి వస్తుంది. గున్న నిచ్చెన మీదికి పాకి గునపంతో దూలాన్ని ఎత్తిపెట్టాడు. వాడి ముఖం మీద పిల్లి రక్తం ధారగా కారుతోంది. "ఇప్పుడు" అన్నాడు. ఆమె దించింది. పిల్లి నేలమీదికి వచ్చేసరికి తొడ ఎముక చర్మం చీల్చుకుని బయటికి చూస్తోంది. విరిగిన కొమ్మలా తెల్లగా.

లారీలో ఆసుపత్రికి పంపాక ఎవరూ పనిముట్టు ముట్టుకోలేదు. అది మేస్త్రీ రెండో పద్ధతి. నేలమీద రక్తం పడిందంటే ముఠా మొత్తాన్నీ కూర్చోబెట్టి, అదే ప్రశ్న మళ్ళీ అడగాలి. రక్తం చూశాక మనిషి భయం మారుతుందంటాడు. నిన్న ఎత్తుకు భయపడనివాడు ఇవాళ భయపడవచ్చు.

"మట్టే" అన్నాడు గున్న, ముఖం కడుక్కుంటూ.

"నిప్పే నాయనా. మా అక్క కాలిన వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది" అంది పిన్ని.

"నాది మారింది మేస్త్రీ" అన్నాడు వాగుడుకాయ. "ఇదివరకు నోరు పడిపోతుందని భయం. ఇప్పుడు చావబోయేముందు పక్కన గున్న ఒక్కడే ఉంటాడేమోనని భయం. వాడితో ఏం మాట్లాడతాం? ఊ అంటాడు, ఊహూ అంటాడు."

అందరూ కాస్త నవ్వారు. రక్తం చూసినరోజు ఆ మాత్రం నవ్వు కావాలి. గిలకమ్మ వంతు వచ్చింది. కట్టరు ఆమె పక్కనే మోకాలికి మోకాలు ఆనించి కూర్చున్నాడు.

"నీళ్ళే" అంది.

మేస్త్రీ పైకి చూశాడు. దూలాలు ఇంకా చాలా ఉన్నాయి. పిల్లి మళ్ళీ ఎప్పటికి నడుస్తాడో, అసలు నడుస్తాడో లేదో. "పైన కోసే మనిషి ఎక్కణ్ణించి తేవాలి ఇప్పుడు?" అన్నాడు తనలో తను.

"ఉన్నాడుగా బావ!" అన్నాడు వాగుడుకాయ. "ఒకటే చిక్కు. ఇంట్లో బల్బు మార్చాలన్నా అక్క కుర్చీ పట్టుకోవాలి. కుర్చీ ఎక్కాలన్నా నడుముకు గ్యాసు గొట్టం కట్టుకుని, వీలునామా రాసి మరీ ఎక్కుతాడు."

ఈసారి నవ్వు పెద్దదే. గున్న కూడా నవ్వాడు. కట్టరు ముఖం కాలిన ఇనుములా అయింది. "పోయింది ఆ భయం" అన్నాడు లేచి నిలబడి. "నేను కోస్తా."

"పోయిందని నోటితో అంటే చాలదయ్యా" అన్నాడు మేస్త్రీ.

"కోస్తానన్నానా? తాడు నా పెళ్ళాం పట్టుకుంటుంది. ఇంకేం కావాలి?"

వేరే మనిషి దొరక్క, ఆ ఒక్కసారికి మేస్త్రీ తన పద్ధతి సడలించాడు. కట్టరు ఆ పూటే మొదలుపెట్టాడు. గుడ్లు మిటకరించుకుని, పళ్ళు బిగించుకుని పైకి పోయాడు. గిలకమ్మ పిడి తిప్పుతుంటే అతని బరువంతా ఆమె అరచేతుల్లోకి వచ్చింది. పై నుంచి "ఎత్తు", "దించు", "ఆపు" అని అరుస్తున్నాడు. ఆపు అన్న మాట ఇంట్లో ఎప్పుడూ ఆమెది. ఇక్కడ అతను అంటున్నాడు. అతను అన్న వెంటనే ఆమె ఆపుతోంది.

ఆ సాయంత్రం, ముఠా వాళ్ళంతా ఉండే గదుల వరసలో, తమ గదిలో ఆమె తలుపు వైపు వీపు పెట్టకుండా కూర్చుంది, అలవాటు కొద్దీ. అతను దగ్గరికొచ్చాడు. ఆమె గడ్డాన్ని ఛాతీకి ఆనించి మెడ దాచుకుంది. అతను ఆమె చెయ్యి అందుకుని, "నొప్పా?" అన్నాడు. నూనె తెచ్చి మోచేతి నుంచి మణికట్టు దాకా మర్దనా చేశాడు. పెళ్ళయ్యాక అలాంటిది అదే మొదలు. ఆమెకు ఏడుపు వచ్చినంత పనైంది. కానీ నూనె పట్టిస్తున్న ఆ వేళ్ళను చూస్తుంటే, తను పొద్దున్నే వించి పళ్ళకు గ్రీజు పెట్టే తీరు గుర్తొచ్చింది. కళ్ళు వాటంతట అవే ఆరిపోయాయి.

అలా కొన్నాళ్ళు గడిచాయి. ఆమె మీదికి అతని చెయ్యి లేవలేదు. మెడమీది నల్లమచ్చలు పసుపుపచ్చగా మారి, ఆ పసుపు కూడా పోయింది. పగలు అతని ప్రాణం ఆమె చేతిలో ఉంది కాబట్టి, సాయంత్రాలు ఆమె ప్రాణం ఆమెకే ఉంది. ఒక్కో దూలం ధబాలుమని కింద పడి, నేల అదిరి, దుమ్ము లేచినప్పుడల్లా మిగతావాళ్ళు హమ్మయ్య అనుకునేవాళ్ళు. ఆమె మాత్రం తలెత్తి ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకునేది.

అతను మారలేదని ఆమెకు తెలుసు. నిద్రలో పళ్ళు నూరేవాడు. అన్నం ముద్ద పిడికిట్లో పిసికేవాడు. లోపల ఏదో పోగవుతోంది.

అది పోగవుతుండగానే ఒక రోజు వించి జారింది. పళ్ళ మధ్య దిగే కొక్కెం సరిగా పడలేదు, తాడు ఒక్క జానెడు వదులైంది. ఆమె వెంటనే పట్టుకుంది. జానెడంటే ఎంత? కానీ పైన ఉన్నవాడికి అది పాతాళం. అతను వేసిన కేక ఆడపిల్ల కేకలా సన్నగా, పొడుగ్గా గోడలకు కొట్టుకుంది. కింద నిలబడ్డవాళ్ళ మీద చినుకులు పడ్డాయి. వాగుడుకాయ చెయ్యి చాపి చూసుకుని, "వాన కాదర్రోయ్!" అన్నాడు. ఇక నవ్వు ఆగలేదు. మేస్త్రీ కసిరినా ఆగలేదు.

కావాలని జార్చిందా, దానంతట అది జారిందా? గిలకమ్మ తనను తాను అడిగి చూసుకుంది. ఆమెకే జవాబు దొరకలేదు.

ఆ సాయంత్రం అతను నూనె సీసా ముట్టుకోలేదు. కొట్టనూ లేదు. తడిసిన ప్యాంటు తనే ఉతుక్కుని ఆరేసుకున్నాడు. ఇంకా దూలాలు మిగిలే ఉన్నాయి.

చివరి దూలం మిగిలిన రోజు పొద్దున, బయల్దేరబోతూ గది తలుపు మూసి, ఆమెను బీరువా పక్కకు నడిపించాడు. కోపం లేదు. అదే ఆమెను భయపెట్టింది. రెండు చేతుల వేళ్ళనూ ఆమె మెడ చుట్టూ పెట్టి, దర్జీ కొలత తీసుకున్నట్టు మెల్లగా కొలిచాడు.

"ఇవాళ్టితో నా వేలాడటం అయిపోతుందే" అన్నాడు. "నలుగురిలో నా చేత ఉచ్చ పోయించావు. ఆ జానెడుకు నీ ప్రాణం సరిపోతుంది. పని ముగించుకుని రా."

తలుపు తీసి ముందు తనే బయటికి నడిచాడు, చెప్పులు టపటపలాడించుకుంటూ.

ఆమె పారిపోవచ్చు. ఇదివరకు పారిపోయింది కూడా. పుట్టింట్లో అన్న గుమ్మం దగ్గరే నిలబెట్టి, మంచినీళ్ళిచ్చి, అదే బస్సులో వెనక్కి పంపాడు. బస్సు దాకా దారిపొడుగునా "బావకు ఏమని చెప్పను?" అన్నదే ఆయన దిగులు. ఆ రాత్రి ఆమె పక్కటెముక విరిగింది. కాబట్టి ఆమె వించి దగ్గరికే వెళ్ళింది. పళ్ళకు గ్రీజు పెట్టింది. తాడు పురి పురీ తడిమి చూసింది. అతన్ని పలక మీద కూర్చోబెట్టి, నడుముకు పట్టీ బిగించి, పైకి ఎత్తింది.

మధ్యాహ్నానికి ఆఖరి దూలం తెగింది. నేల అదిరింది. దుమ్ములోంచి వాగుడుకాయ ఈల వేశాడు. పిన్ని తట్ట బోర్లించి దాని మీద కూలబడింది. మూడంతస్తుల ఎత్తున, ఏ ఆధారమూ లేని ఖాళీలో, కట్టరు ఒక్కడే వేలాడుతున్నాడు.

"దించు!" అని అరిచాడు.

గిలకమ్మ కొక్కెం వేసి, పిడి మీద నుంచి చేతులు తీసేసింది.

"దించవే! చెవుడా?"

"మేస్త్రీ" అంది ఆమె.  "నన్ను మళ్ళీ అడగండి."

"ఏం అడగాలమ్మా?"

"చేరినరోజు అడిగారే, అది."

"ఇవాళ రక్తం పడలేదుగా తల్లీ."

"పడేదాకా ఆగమంటారా?"

మేస్త్రీ ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత పైకి చూశాడు. చేతిలోని గునపాన్ని గోడకు చేరేసి, ఆమె ఎదురుగా ఇటుకల మీద కూర్చున్నాడు, కొత్తగా చేరేవాళ్ళ ముందు కూర్చున్నట్టే. "ఎట్లాంటి చావంటే నీకు బాగా భయం?"

"నా మొగుడి చేతుల్లో" అంది గిలకమ్మ. "గొంతు నొక్కుతాడు. ఈ రాత్రి చంపుతానన్నాడు. పొద్దున కొలత కూడా తీసుకున్నాడు. నీళ్ళని అబద్ధం చెప్పాను. నాకు ఈతొచ్చు."

పై నుంచి బూతులు వానలా కురుస్తున్నాయి.  వాగుడుకాయ ఇబ్బందిగా మెడ గోక్కున్నాడు. "అక్కా... అది మొగుడూ పెళ్ళాల గొడవ కదా. ఇది పని. రెండూ కలిపితే ఎట్లా?"

"చావు ఏ గదిలో వస్తే మాత్రం చావు కాదట్రా?" అంది పిన్ని తట్ట మీద నుంచే. "వాళ్ళ గోడకి ఇవతల పడుకునేది నేను. ఆ చప్పుడు నీకేం తెలుసు? తల బీరువాకు తగిలితే ఒక రకం, గోడకు తగిలితే ఒక రకం."

మేస్త్రీ ఇటుకల మీద నుంచి లేచాడు. "సరేనమ్మా. నా పద్ధతి నీకు తెలుసుగా. భయపడ్డవాళ్ళని అక్కణ్ణించి తీసేస్తా. నువ్వు ఈ ముఠా వదిలేసి ఎటన్నా పో. నీకు రావాల్సింది ఇచ్చి బస్సెక్కిస్తా."

"నేనెందుకు పోవాలి?"

"మరి పద్ధతి..."

"ఎత్తును కదల్చలేరు, అందుకే మనిషిని కదిలిస్తారు. నిప్పును కదల్చలేరు. మట్టిని కదల్చలేరు. వాడికి రెండు కాళ్ళున్నాయి మేస్త్రీ. వాణ్ణి కదిలించండి."

 ఇన్నేళ్ళలో తన పద్ధతికి ఇంకో వైపు ఉందని మేస్త్రీకి ఎప్పుడూ తోచలేదు.

పైన బూతులు ఆగాయి. గాలికి పలక తిరుగుతోంది. కట్టరు కిందికి చూడకూడదని కళ్ళు మూసుకున్నాడు, మూసుకుంటే ఇంకా తిరిగింది. "దించవే... నీ కాళ్ళకు దండం పెడతా... నిన్నేం చెయ్యనే, ఒట్టు, మీ అమ్మ మీద ఒట్టు..." అని ఏడుపు మొదలుపెట్టాడు. చెప్పు ఒకటి జారి కింద పడింది.

గిలకమ్మ కొక్కెం మీద వేలు పెట్టింది. ఆ ఒక్క వేలు ఇటు తోస్తే చాలు. మూడంతస్తుల కింద చుట్టూ తెగిపడ్డ దూలాలు ఈటెల్లా నిలబడి ఉన్నాయి. వించి జారిందంటే ఎవరైనా నమ్ముతారు. ఒకసారి జారిందిగా! ఆ వేలికింద ఉక్కు చల్లగా తగిలింది. నాలుక మీద ఏదో తీపి ఊరింది. ఇన్నాళ్ళూ తన మెడ దగ్గర అతనికి ఊరింది ఇదేనన్నమాట. చటుక్కున వేలు వెనక్కి తీసుకుంది.

"దించు" అన్నాడు మేస్త్రీ. "దిగాక వాడు ఈ ముఠాలో లేడు. ఆ గదిలో లేడు. నా మాట."

ఆమె దించింది. ఎప్పటిలాగే, గుడ్డును దించినట్టు. అతని కాళ్ళు నేలకు తగిలాయి. పట్టీ విప్పుకుని పక్కకు పాకి, కడుపులోది కక్కాడు. గున్న జాలిపడి నీళ్ళ సీసా అందించబోయాడు.

కట్టరు సీసా వైపు చాచిన చెయ్యే గోడకు చేరేసిన గునపం మీద పడింది.

అంత కక్కినవాడు అంత వేగంగా లేస్తాడని ఎవరూ అనుకోలేదు. గునపం తిప్పి గిలకమ్మ తల మీదికి దెబ్బ వేశాడు. మేస్త్రీ మధ్యలోకి వచ్చాడు. చెయ్యి అడ్డం పెట్టాడు. ఎండు కర్ర విరిగినట్టు టప్పుమంది. చెయ్యి మోచేతికి కింద ఇంకో మోచెయ్యి మొలిచినట్టు వంగిపోయింది. ఆయన అరవలేదు, దాన్ని వింతగా చూసుకుంటూ కూర్చుండిపోయాడు. రెండో దెబ్బ గిలకమ్మ భుజాన్ని గీరుకుంటూ పోయి వించిని తాకింది. నిప్పురవ్వలు లేచాయి. ఆమె రవిక తడిసి వీపుకు అంటుకుంది.

"మెట్ల మీద జారావే!" అని అరుస్తున్నాడు కట్టరు. "మెట్ల మీద!"

గున్న వెనకనుంచి వాటేసుకున్నాడు. కట్టరు వాడి ముంజేతిని కొరికాడు. చర్మం పళ్ళకు ఊడి వచ్చింది. గున్న వదల్లేదు, ఎత్తి నేలకేసి కొట్టాడు. కట్టరు కిందపడుతూనే మడమతో వాడి ముఖం పగలగొట్టాడు. ముక్కులోంచి రక్తం బుసబుసా పొంగింది. వాగుడుకాయ మాటా పలుకూ లేకుండా ఇటుక మీద ఇటుక విసురుతున్నాడు. ఒకటి నుదుటికి తగిలింది, మిగతావి గున్నకు తగిలాయి. పిన్ని సున్నం పొడి గుప్పిట నిండా తీసి కట్టరు కళ్ళల్లో కొట్టింది. గుడ్డివాడై కూడా అతను గునపం వదలకుండానే లేచాడు. ఎటు దొరికితే అటు తిప్పుతూ, ఆమె ఊపిరి చప్పుడును బట్టి మీదికి వస్తూనే ఉన్నాడు.

గిలకమ్మ గున్న సమ్మెట అందుకుంది. దాని బరువు ఆమెకు కొత్తేం కాదు, వించి మీద అలాంటివి ఎన్ని ఎత్తిందో. భుజం భగ్గుమంది. రెండు చేతులా తిప్పి మోకాలి చిప్ప మీద వేసింది.

మోకాలు వెనక్కి విరిగింది. అతను పడిపోయి, మెలికలు తిరుగుతూ, తల చుట్టూ రెండు చేతులూ కప్పుకున్నాడు.

ఆమె సమ్మెట మళ్ళీ ఎత్తింది. ఆగమని ఎవరూ అనలేదు. మేస్త్రీ అనలేదు. పిన్ని చూపు పక్కకు తిప్పుకుంది. అందరూ ఆమెకే వదిలేశారు. అతను తల కప్పుకున్న తీరు ఆమెకు తెలుసు. మోచేతులు చెవుల మీదికి, వేళ్ళు మెడ వెనక. బీరువా పక్కన తను కప్పుకునే తీరే. ఆ పనికిమాలిన తెలివి ఇతనికి ఎవరూ నేర్పకుండానే వచ్చింది.

సమ్మెట పక్కన పడేసింది.

ఇనుము తీసుకుపోవడానికి వచ్చిన లారీలోనే మేస్త్రీనీ కట్టరునూ ఎక్కించారు. గున్న కట్టరును గోనెబస్తాలా వెనక పడుకోబెట్టాడు. డ్రైవరు కిందికి దిగి, ఆసుపత్రిలో అడుగుతారని, "ఇతని తాలూకు ఎవరు? ఎక్కండి" అన్నాడు.

అందరూ గిలకమ్మ వైపు చూశారు. ఎవరూ కావాలని చూడలేదు, మెడలు వాటంతట అవే తిరిగాయి. పిన్ని అయితే ఆమె చేతిసంచీ కూడా పట్టుకొచ్చేసింది. ఆమె నెత్తురోడుతున్న భుజాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"నేను కాదు" అంది.

"భార్యే కదమ్మా మీరు?"

"నేను ఎక్కను."

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. విరిగిన చేతిని ఒళ్ళో పెట్టుకుని ముందు సీట్లో కూర్చున్న మేస్త్రీ, "ఇటు రావయ్యా" అన్నాడు. "నేను ఎట్లాగూ పోతున్నాగా. ఇతని తాలూకు నేనే అని రాయించు. ఎట్లా తగిలిందంటే, మెట్ల మీద జారలేదని కూడా రాయించు. జరిగింది జరిగినట్టు నేను చెప్తా. నా చెయ్యీ చెప్తుంది."

"కాలు బాగవనీ! వస్తానే!" అన్న అరుపు వెనకనుంచి వినపడింది.

"రా బావా" అన్నాడు వాగుడుకాయ. అప్పటికి మళ్ళీ గొంతు వచ్చింది వాడికి. వంగి ఇంకో ఇటుక అందుకున్నాడు.

లారీ మలుపు తిరిగింది. పిన్ని చీర కొంగు చించి గిలకమ్మ భుజానికి కట్టు కట్టింది. "ఇంక భయం లేదుగా పిల్లా?"

"ఉంది పిన్నీ. ఎముక అతుక్కుంటుంది కదా."

పిన్ని కట్టు ఇంకాస్త బిగించింది. గున్న ముక్కుకు గుడ్డ అదుముకునే, గదుల వైపు నడిచాడు. కాసేపటికి గిలకమ్మ బట్టలమూటా పరుపుచుట్టా భుజాన వేసుకొచ్చి, పిన్ని గది ముందు దించాడు. తర్వాత తన మంచం ఈడ్చుకొచ్చి, ఆ గుమ్మానికి అడ్డంగా వేశాడు.

"ఎండొచ్చినా వానొచ్చినా ఇక్కడేనా?" అన్నాడు వాగుడుకాయ.

"ఊ" అన్నాడు గున్న.

పలక ఇంకా నేలమీదే పడి ఉంది. గోడలు మిగిలే ఉన్నాయి కాబట్టి రేపు మళ్ళీ తాడు కావాలి. గిలకమ్మ పిడి పట్టుకుని చూసింది. కట్టు కట్టిన భుజం ఒప్పుకోలేదు. పిన్ని వచ్చి పిడికి రెండో పక్క చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి ఇనపతాడును చక్రం మీదికి, చుట్టు మీద చుట్టు ఎక్కకుండా, మెల్లగా చుట్టసాగారు.